కరెంటు పెట్టడంతో వైద్యం అయిపోదు
(ప్రపంచ క్యాన్సర్ దినం సభలో ఒక రేడియేషన్ డాక్టరు ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న నర్సింగ్ విద్యార్థులకు, పేషెంట్ల ఇంటివాళ్లకు నమస్కారం. బీడీలు, గుట్కా మానమని నాలుగు మాటలు చెప్పమన్నారు. మానండి. నేను వచ్చింది మాత్రం వేరే మాట చెప్పడానికి: రేడియేషన్ తర్వాత ఇచ్చే ఇమ్యునోథెరపీ గురించి.

మొన్న నా దగ్గరికి ఒక మిర్చి రైతు వచ్చాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్, మూడో దశ, ఆపరేషన్‌కు వీల్లేదు. వేరే ఊళ్లో ఆరు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి, దాంతోపాటే కీమో ఇచ్చారు. ఎరువుల కొట్టు సంచిలోంచి ఫైలు తీసి ఇచ్చాడు. చివరి కాగితం మీద ‘చికిత్స పూర్తయింది, మూడు నెలలకు రండి’ అని ఉంది. ఆయన సరిగ్గా మూడు నెలలకే వెళ్లాడు. అప్పటికే జబ్బు మెడ గ్రంథుల్లోకి పాకింది.

రేడియేషన్‌కు గడ్డలోని కణాలు పగిలితే వాటి ప్రొటీన్లు బయటపడి, జబ్బుతో పోరాడే మన టి-కణాలకు శత్రువు జాడ దొరుకుతుంది. గడ్డేమో పిడి-ఎల్1 అనే ప్రొటీన్‌తో ఆ టి-కణాలకు బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు తీసేదే ఈ ఇమ్యునోథెరపీ. 2017లో వచ్చిన పసిఫిక్ అనే ట్రయల్‌లో కీమో, కరెంటు అయిన 42 రోజుల్లోపు డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు మొదలుపెట్టి ఏడాది దాకా ఇచ్చారు. ఐదేళ్లకు ఆ మందు తీసుకున్నవాళ్లలో 43 శాతం బతికున్నారు, తీసుకోనివాళ్లలో 33. మళ్లీ చెప్తున్నాను, 42 రోజులు! ఆ రైతుకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. మందు పడితే జబ్బు ఆగేదని నేను గ్యారంటీ ఇవ్వలేను. ఖరీదైనదే, అందరికీ సరిపడదు కూడా. కానీ తెలుసుకునే హక్కు ఆయనకు లేదా?

కరెంటూ ఇమ్యునోథెరపీ ఎలా కలిపినా చాలనీ అనుకోవద్దు. ఇదే మందును కరెంటుతోపాటే మొదలుపెడితే ఊపిరితిత్తుల్లో లాభం కనబడలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరినవాళ్లకు మాత్రం పెంబ్రొలిజుమాబ్ అనే ఇలాంటి మందే కీమో, కరెంటుతో కలిపి ఇస్తే, మూడేళ్లకు బతికున్నవాళ్లు 75 నుంచి 83 శాతానికి పెరిగారు.

ఇంటివాళ్లకో మాట. ఛాతీకి కరెంటు పెట్టించుకుని ఈ మందు మీదున్నవాళ్లకు పొడి దగ్గు, ఆయాసం వస్తే సిరప్ పోసి ఊరుకోకండి. ఊపిరితిత్తి వాచి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఇక ఖర్చు. ముదిరిన తల, మెడ క్యాన్సర్‌లో ముంబై టాటా మెమోరియల్ వాళ్లు మామూలు మందులకు తోడు నివొలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. ఏడాది బతికినవాళ్లు 16 నుంచి 43 శాతానికి పెరిగారు. మామూలు డోసు రెండు వారాలకోసారి 240. టాటా వాళ్లది కరెంటు తర్వాత ఇచ్చిన ట్రయల్ కాదు. కరెంటు తర్వాత ఇలా తక్కువ డోసు ఇచ్చి చూసే ట్రయల్ ఒకటి మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టమని వేదిక మీదున్న అధికారులను అడుగుతున్నాను.

అమ్మాయిలూ, డిస్చార్జి కాగితం మీ చేతుల మీదుగానే వెళ్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కరెంటు పూర్తయినవాళ్ల కాగితం మీద 42వ రోజు ఏ తేదీ అవుతుందో రాసి, ఆలోపు మెడికల్ ఆంకాలజిస్టును కలవమని చెప్పి పంపండి.