గడికీ గడికీ మధ్య

మిత్రులారా,

తెర మీద ఒక బొమ్మల కథలోని పేజీ ఉంది. దయచేసి ఒక్క అక్షరం కూడా చదవకండి. కళ్లు సగం మూసి చూడండి. ముఖాలు పోతాయి, మాటలు పోతాయి. నల్లటి ముద్దలు, తెల్లటి జాగాలు, కొన్ని పెట్టెలు మిగులుతాయి. మీ చూపు మొదట ఎక్కడ పడింది? అక్కడి నుంచి ఎటు జారింది? ఆ దారిని మీరే ఎంచుకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి గీసినవాళ్లు దాన్ని ముందే వేసి ఉంచారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ దారి గురించే.

సమతుల్యత, వైరుధ్యం, లయ, ప్రాధాన్యం, ఖాళీ స్థలం. డిజైన్ నేర్చుకునేవాళ్లు మొట్టమొదట వినే మాటలివి. పోస్టరులోనో పుస్తకం అట్ట మీదో ఇవి చూపును ఆపి, విషయాన్ని త్వరగా అందిస్తాయి. కామిక్స్‌లో వీటి మీద ఇంకా పెద్ద భారం ఉంది. అక్కడ స్థలమే కాలం. పక్క గడిలోకి, అంటే పక్క బొమ్మ ఉన్న పెట్టెలోకి, వెళ్లడమంటే మరుక్షణంలోకి వెళ్లడం. గడి వెడల్పయితే క్షణం సాగుతుంది, ఇరుకైతే ఊపిరి బిగుసుకుంటుంది. అందుకే పేజీ అమరికను ఎవరైనా అలంకారం అంటే నేను ఒప్పుకోలేను. కథ చెప్పే పనిలో సగం అదే చేస్తుంది.

గడుల మధ్య ఉండే తెల్లటి సందునే చూడండి. దీన్ని గట్టర్ అంటారు. మొదటి గడిలో రాయి పట్టుకుని పైకెత్తిన చెయ్యి. రెండో గడిలో నేల మీద గాజు పెంకులు. రాయి గాలిలో వెళ్లడాన్ని ఎవరూ గీయలేదు. అద్దం పగలడాన్నీ గీయలేదు. ఆ రెండూ మీ మనసులో, ఆ సన్నటి సందులో జరిగాయి. ఖాళీ స్థలానికి ఇంత పని అప్పగించిన కళ మరొకటి నాకు తెలియదు.

గడి ఆకారం విషయానికొస్తే, అమెరికా పత్రికల్లో విన్సర్ మెకే ఈ సంగతిని చాలా ముందే గ్రహించాడు. లిటిల్ నీమో అనే పిల్లవాడి కలలను ఆయన 1905 నుంచి వారం వారం గీశాడు. 1908లో వచ్చిన ఒక పేజీలో పిల్లవాడి మంచానికి కాళ్లు పెరిగి అది వీధిలోకి నడుస్తుంది. కాళ్లు పొడుగవుతున్న కొద్దీ గడులూ పొడుగవుతాయి. ఎత్తును మాటల్లో చెప్పాల్సిన అవసరమే రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు దారి వాచ్‌మెన్‌ది. 1986, 87ల్లో 12 సంచికలుగా వచ్చిన ఈ కథకు డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేశాడు. పేజీకి మూడు వరుసలు, వరుసకు మూడు గడులు, ఇదే దాని మూల అమరిక. తాళం తప్పకుండా సాగే ఆ దరువుకు కన్ను అలవాటు పడుతుంది. అలవాటు పడ్డాక మూడు గడులు కలిసి ఒక్కటైతే చాలు, పాఠకుడు ఉలిక్కిపడతాడు. అయిదో సంచిక గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఉత్సాహం ఆగదు. అందులో మొదటి పేజీ అమరిక చివరి పేజీకి అద్దంలో ప్రతిబింబం. రెండో పేజీ చివరి నుంచి రెండోదానికి ప్రతిబింబం. అలా నడిమి పేజీల దాకా రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తుంది. అందులోని ఒక పాత్ర ముసుగు మీద రెండు పక్కలా ఒకేలా ఉండే సిరా మరకలుంటాయి. ఆ సంచిక ముగిసేది అతను పట్టుబడటంతోనే. సౌష్ఠవాన్ని పాఠకుడు గుర్తించకపోవచ్చు. వల బిగుసుకుంటున్న భావన మాత్రం కలుగుతుంది.

ఇరాన్‌లో గడిచిన తన బాల్యాన్ని మర్జానె సత్రపి బొమ్మల కథగా చెప్పిన పెర్సెపొలిస్‌లో నలుపు, తెలుపు తప్ప బూడిద రంగు నీడలు లేవు. మొదటి పేజీలోనే బడిపిల్లల ఫొటో లాంటి గడి ఒకటుంది. తలలకు ఒకే రకం నల్లటి ముసుగులు. కథ చెబుతున్న పదేళ్ల పాప ఎడమ చివర కూర్చుంది, గడి అంచు ఆమెను కోసేసింది. పునరావృతి ఆ పిల్లలందరినీ ఒక్కలా చేసింది, అంచు ఒక పాపను వేరు చేసింది. చాలామంది ఒక అధ్యాయం తీసుకునే విషయాన్ని ఆ ఒక్క గడి చెప్పేసింది.

మాటల బుడగల గురించి ఒక్క మాట. ముందు మాట్లాడేవాళ్లను చదివే దిశలో ముందుంచాలి. ఈ చిన్న నియమం తప్పితే జవాబు తర్వాత ప్రశ్న వినబడుతుంది. జపాన్ కామిక్స్ అయిన మాంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఒకప్పుడు అనువాదాల కోసం ఆ పేజీలను అద్దంలోలా తిప్పి అచ్చు వేసేవారు. దాంతో కుడిచేత్తో కత్తి పట్టిన యోధులందరూ ఎడమచేతివాళ్లయిపోయారు. ఇప్పుడు చాలా ప్రచురణలు అసలు దిశనే ఉంచుతున్నాయి. అదే సరైన పని.

మీకు పంచిన కాగితం మీద ఒకే సంఘటన రెండుసార్లు ఉంది. ఒక మనిషి తలుపు తడతాడు, లోపలివాళ్లు తెరుస్తారు. బొమ్మలు అవే, మాటలు అవే, గడుల వెడల్పులే వేరు. ముందు పైది చదవండి, తర్వాత కిందిది. ఏ తలుపు తెరుచుకోవడానికి ఎక్కువసేపు పట్టిందో నాకు చెప్పండి.