ఫోన్-ఇన్: మెదడులో న్యూరోపెప్టైడ్‌లు

యాంకర్: స్టూడియోలో న్యూరాలజిస్టు మేడమ్ ఉన్నారు. అల్లూరు నుంచి మొదటి కాల్. చెప్పండి.

అల్లూరు: నమస్తే మేడమ్. రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా నేను. పగలు కూర్చున్న కాడే నిద్రొచ్చేస్తా ఉంది. మెదడులో ఏదో తగ్గితే అట్టా అవుద్దంట?

డాక్టర్: ఒరెక్సిన్. 1998లో బయటపడింది. మెలకువను నిలబెట్టే న్యూరోపెప్టైడ్ అది, అంటే నరాల కణాలు కబురు పంపుకోడానికి వదిలే చిన్న ప్రోటీన్ ముక్క. మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే భాగంలో దాన్ని తయారుచేసే కణాలు పోతే నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు వస్తుంది. పగలు ఎంతసేపు పడుకుంటారు?

అల్లూరు: నాలుగు గంటలు.

డాక్టర్: చాలదు బాబూ. ముందు ఏడు గంటలు పడుకోండి. అప్పటికీ తగ్గకపోయినా, నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోతున్నా చూపించుకోండి. షాపులో అడిగి మాత్రలు మింగొద్దు.

యాంకర్: థాంక్యూ. కావలి నుంచి...

కావలి: మేడమ్, నాకు తలకాయ నొప్పి. ఒక పక్కే. ఎండలో బస్టాండు దాకా పోయొస్తే చాలు, వాంతులు, వెలుతురు చూళ్లేను. మా అత్త గాలి సోకిందనింది. మా ఆయన కళ్లజోడు పెట్టుకోమన్నాడు, అదీ అయింది. ఏదన్నా మాత్ర చెప్పండి.

డాక్టర్: ఇప్పుడేం వాడుతున్నారమ్మా?

కావలి: షాపాయన ఇచ్చే నొప్పి మాత్ర. రోజూ కాదులే మేడమ్. వారానికి నాలుగైదు రోజులు.

డాక్టర్: అయ్యో, అది చాలా ఎక్కువ! నెలలో 15 రోజులు అట్లా నెలల తరబడి వాడితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది. మీరు చెప్పేది మైగ్రేన్‌లా ఉంది. ముఖం నుంచి నొప్పిని మోసే ట్రైజెమినల్ నరం సీజీఆర్పీ అనే న్యూరోపెప్టైడ్‌ను వదులుతుంది. నరాల మధ్య కబురు మోసే గ్లూటమేట్ లాంటి మామూలు రసాయనాలు మిల్లీసెకన్లలో పని ముగిస్తాయి. పెప్టైడ్ అట్లా కాదు. నరం పదేపదే, గట్టిగా రేగినప్పుడే బయటికొస్తుంది. వచ్చాక చుట్టుపక్కల కణాలకూ పాకుతుంది. దాన్ని మళ్లీ లోపలికి లాక్కునే ఏర్పాటు లేదు, ఎంజైములు ముక్కలు చేయాల్సిందే. పొయ్యి ఆపినా తాలింపు ఘాటు ఇల్లంతా ఉంటుంది చూడండి, అట్లా. ఆ ప్రభావంతో రక్తనాళాలు వెడల్పవుతాయి, నొప్పి నరాలు చిన్నదానికే రేగుతాయి.

కావలి: అయితే గాలి కాదంటారు.

డాక్టర్: కాదమ్మా, మీ తప్పూ కాదు.

కావలి: సరే మేడమ్. మాత్ర పేరు?

డాక్టర్: ఇంతసేపూ అదే కదమ్మా చెప్తున్నా! చూడకుండా పేరు చెప్పను. నొప్పి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి. సీజీఆర్పీని అడ్డుకునే ఇంజెక్షన్లూ 2018 నుంచి వచ్చాయి. ఏది సరిపోతుందో మీ బీపీ, గర్భం సంగతి చూసి నిర్ణయించాలి. నొప్పి వచ్చిన తేదీ, నిద్ర, నెలసరి రాసుకొని తీసుకెళ్లండి. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా ఆగకుండా పెద్దాసుపత్రికి పోండి.

యాంకర్: పొదలకూరు, త్వరగా.

పొదలకూరు: దూడ చచ్చిపోయింది మేడమ్, గేదె చేపడం లేదు. ఆక్సిటోసిన్ సూది...

డాక్టర్: వద్దు. చేపు తెప్పించేది ఆ పెప్టైడే, నిజమే. హైపోథలామస్‌లో పుడుతుంది. గేదె బెదిరితే విడుదల తగ్గిపోతుంది. అలవాటైన మనిషే, అదే వేళకు పిండాలి. పశువుల డాక్టరుకు చూపించండి. షాపు సూది మాత్రం వద్దు.

యాంకర్: టైమ్ అయిపోయింది. థాంక్యూ మేడమ్.