కవిలకట్ట మ్యూజియానికి వస్తే మొదట చేయాల్సినవి

[దృశ్యం: బల్ల మీద తెల్ల కాగితం, దానిపై పాత తాటాకుల కట్ట]

కోనసీమలో పాత పెంకుటింటి అటక దులిపితే ఇలాంటి కట్ట ఇప్పటికీ బయటపడుతుంది. పురాణమో జాతకమో అనుకుంటారు. విప్పితే ఒక్కోసారి కరణంగారి లెక్కలు: ఏ చేను ఎవరిది, శిస్తు ఎంత. అదే కవిలకట్ట. ఊరి చరిత్ర చెప్పే మ్యూజియానికి ఇంతకన్నా విలువైన వస్తువు ఉండదు.

వచ్చిన రోజే అల్మరాలో పెట్టేయకండి. విడి గదిలో, తెల్ల కాగితం మీద వారం ఉంచండి. కింద గోధుమరంగు పొడి రాలిందంటే లోపల పురుగు బతికే ఉంది. పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం పెట్టాలి. తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు. మన డెల్టా గాలికి చల్లటి ఆకు మీద చెమ్మ పట్టి బూజు లేస్తుంది.

తాడు బిగుసుకుపోతే లాగొద్దు, చిల్లు దగ్గర ఆకు చీలుతుంది. తాడునే కత్తిరించి, దాన్నీ భద్రపరచండి. ప్రతి ఆకుకీ రెండువైపులా ఫొటో తీశాకే తుడవడం.

మెత్తటి బ్రష్‌తో పొడుగునా తుడవాలి. అడ్డంగా తుడిస్తే పీచు లేస్తుంది. టార్చిలైటు పక్కనుంచి వాలుగా వేసి చూడండి. అక్షరం లోతుగా గీసి ఉంటే గంటంతో, అంటే ఇనుప మొనతో, రాసింది. సిరాతో రాసినదైతే, బొమ్మలుంటే తడి తగలనివ్వొద్దు. గంటం రాతకి సగం ఇథనాల్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, దూది ముంచి గట్టిగా పిండి, ముందు ఓ మూల అద్ది చూడాలి.

[దగ్గరగా: అంకె పక్కన సన్నటి గీతలు]

ఇక్కడ ఆగండి. నిలువు గీత ఒకటుంటే పావు, రెండుంటే అర, మూడుంటే ముప్పావు. అడ్డ గీతలు వీసాలు, అంటే పదహారో వంతులు. మరకలనుకుని రుద్దితే, రాత కనబడేందుకు గీతలో నింపిన మసి పోతుంది, ఒకటీ ముప్పావు కాస్తా ఒకటిగా మిగులుతుంది. రైతు పొలం లెక్కే మారిపోతుంది.

పెళుసెక్కిన ఆకుకి నిమ్మగడ్డి నూనె పలచగా చాలు. కొబ్బరినూనె రాస్తే జిడ్డుకి దుమ్ము అంటుకుంటుంది. ఎండలో పెడితే ఆకు వంకరపోయి పగులుతుంది.

ఆకు కన్నా కాస్త పెద్ద చెక్క పలకల మధ్య పెట్టి, గంజి పెట్టని నూలుగుడ్డ చుట్టండి. గంజి పురుగుకి తిండి. గదిలో తేమ 65 శాతం దాటనివ్వొద్దు. అల్మరా గోడకి అర అడుగు ఎడంగా ఉండాలి. 1986 ఆగస్టు వరద మీ వీధిలో ఎంత ఎత్తుకొచ్చిందో పెద్దవాళ్లని అడిగి, గోడమీద గీత గీయండి. అల్మరా అడుగు అర ఆ గీతకి పైనే ఉండాలి.