ప్రయోగశాల ఎలుకకు ఎంత చోటు కావాలి?

(గుంటూరులో ఫార్మసీ విద్యార్థులకు, జంతుశాల సిబ్బందికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు, జంతుశాలను రోజూ కనిపెట్టుకుని ఉండే సిబ్బందికి నమస్కారం.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం, దాని కింద వచ్చిన 1998 నిబంధనల ప్రకారం జంతువులపై ఏ ప్రయోగానికైనా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలని మీకు తెలుసు. దరఖాస్తులో ఎలుకల సంఖ్య, మందు మోతాదు ఎంతో శ్రద్ధగా రాస్తాం. పంజరం కొలతకూ అంతే శ్రద్ధ దక్కాలని నా మనవి.

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2011లో వెలువరించిన మార్గదర్శిక ప్రకారం, గుంపుగా ఉంచే ఎలుకల్లో 200 గ్రాముల వరకు బరువున్న ఒక్కోదానికి సుమారు 148 చదరపు సెంటీమీటర్ల నేల, 300 గ్రాముల వరకు 187, 400 గ్రాముల వరకు 258 ఉండాలి. నలభై సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు ఉన్న పంజరాన్ని తీసుకుందాం. దాని నేల 1,200 చదరపు సెంటీమీటర్లు. తొంభై రోజుల పరీక్ష మొదలయ్యేనాటికి 200 గ్రాములు దాటని ఐదు మగ విస్టార్ రకం ఎలుకలకు అందులో సుమారు 740 సరిపోతుంది. అవే ఎలుకలు పెరిగి 300 గ్రాములు దాటి 400 లోపు ఉంటే 1,290 కావాలి. అంటే మొదటి రోజు నిబంధనకు లోబడి ఉన్న పంజరమే పరీక్ష ముగిసేలోగా ఇరుకైపోతుంది. అప్పుడు విడదీద్దామంటే, కుదురుకున్న గుంపు చెదిరి కొత్త జతల్లో కొట్లాటలు రావచ్చు, ఆ ఒత్తిడి మీ ఫలితాల్లోకీ చేరుతుంది. కాబట్టి చివరి బరువును బట్టే మొదటి రోజున నాలుగింటినే ఉంచాలి. ఒంటరిగా ఉంచడం దీనికి మార్గం కాదు. ఎలుక తోడు కోరే జంతువు.

ఇరుకైన చోట పరుపుగా వేసిన ఊక త్వరగా తడిసి అమ్మోనియా పెరుగుతుంది, అది శ్వాసనాళాలను రేపుతుంది. ఊపిరితిత్తుల మందును పరీక్షించేవారికి ఇంతకన్నా నష్టం ఏముంటుంది? మన మే నెల ఎండల్లో కరెంటు పోయి ఏసీ ఆగితే, కిక్కిరిసిన పంజరాల్లోని జంతువులకు అది ప్రాణాపాయమే.

ఆ మార్గదర్శిక పట్టికలోని అంకెలు కనీస హద్దులు మాత్రమేనని గుర్తుంచుకోండి. అది చెప్పే 17.8 సెంటీమీటర్ల ఎత్తులో ఎదిగిన మగ ఎలుక వెనక కాళ్ళపై నిటారుగా నిలబడలేదు. వీలున్న చోటల్లా ఇంకా ఎత్తయిన పంజరాలు కొనాలన్నది నా గట్టి అభిప్రాయం.

సిబ్బందికి ఒక మాట: మన ప్లాస్టిక్ పంజరాలు కిందికి వచ్చేసరికి సన్నబడతాయి కనుక పై అంచును కాక, లోపలి అడుగునే కొలవండి. ఆ కొలతను, పరీక్ష ముగిసేనాటికి ఎలుక చేరగల బరువును ప్రతి దరఖాస్తులో పక్కపక్కనే రాయించండి. అవి లేని దరఖాస్తును కమిటీ వెనక్కి పంపాలి.