పైన కట్టిన ఇళ్ల నీళ్లు మా హాల్లోకి ఎందుకొస్తున్నాయి? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం అండి, ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. వానొస్తే ఇళ్లు మునగడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం, ముఖ్యంగా డ్రైనేజీ రూల్సు, లేఅవుట్లకీ ఇళ్లకీ పర్మిషన్ ఇచ్చే రూల్సు మారిస్తే ఈ బాధ తగ్గుతుందా అని. వాన నీటి కాలువలు డిజైన్ చేసే ఇంజనీర్ గారు మనతో ఉన్నారు. నమస్కారం సార్.

ఇంజనీర్: నమస్కారం అండి.

యాంకర్: మొదటి కాల్ రెడీగా ఉంది. హలో, చెప్పండి.

కాలర్: హలో, నమస్తే సార్, వినిపిస్తోందా? మేం ఇల్లు కట్టుకుని 22 ఏళ్లయింది సార్. చాలా ఏళ్లు గేటు దాకా కూడా నీళ్లు వచ్చింది లేదు, ఇప్పుడు మూడేళ్ల నుంచి గంటన్నర గట్టి వాన పడితే చాలు హాల్లోకి వచ్చేస్తున్నాయి, పోయినసారి పిల్లల పుస్తకాలు, బీరువాలో కింది అర బట్టలు అన్నీ తడిసిపోయాయి. వెళ్లి అడిగితే మీ ఇల్లు పల్లంలో ఉందండీ అంటున్నారు. పల్లం అప్పుడూ ఉంది కదా సార్?

ఇంజనీర్: ఉంది. మంచి ప్రశ్న అడిగారు. మీకు మెరక వైపు ఈ మధ్య కొత్తగా ఏమైనా వచ్చాయా?

కాలర్: వచ్చాయి సార్. అదంతా ఖాళీగా గడ్డి పెరిగి ఉండేది, ఇప్పుడు లేఅవుట్ వేసి సిమెంట్ రోడ్లు పోశారు. పక్క స్థలం వాళ్లు కూడా లారీలతో మట్టి తోలించి మా కాంపౌండ్ కంటే రెండడుగులు పైకి లేపారు.

ఇంజనీర్: అదండీ సంగతి. చిన్న లెక్క చెప్తాను, వినేవాళ్లు కూడా వేసుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల స్థలం మీద 50 మిల్లీమీటర్లు పడితే 10,000 లీటర్లు. గడ్డి నేలయితే అందులో చాలా భాగం తాగేస్తుంది, ఒక 2,000 లీటర్లు బయటికి పోతాయనుకోండి. అదే స్థలంలో స్లాబు, చుట్టూ గచ్చు వేసేస్తే 9,000 దాకా బయటికే. అలాంటి స్థలాలు 100 ఉంటే 2 లక్షల లీటర్లు పోయే చోట 9 లక్షలు. ఇంకోటి, ఇది అసలు ముఖ్యం, ముందు ఆ నీళ్లు గడ్డిలో మెల్లగా పాకుకుంటూ వచ్చేవి, ఇప్పుడు సిమెంట్ రోడ్డు మీద జారి నిమిషాల్లో అందరివీ ఒకేసారి మీ వీధి మొదట్లో కలుస్తున్నాయి. వాన మారకపోయినా మీకు వరద మారింది. ఇక పక్కవాళ్లు మెరక చేశారు చూశారా, అంతకుముందు ఆ స్థలంలో నిలిచే నీళ్లకి ఇప్పుడు చోటు లేదు, అవి ఎక్కడికో పోవాలి కదా, మీ దగ్గరికి వచ్చాయి.

కాలర్: మరి వాళ్లకి పర్మిషన్ ఎలా ఇచ్చారు సార్?

ఇంజనీర్: చాలా చోట్ల రూల్సు ఆ ఒక్క స్థలాన్నే చూస్తాయండి. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీ జాగా, వదిలారా, ఎన్ని అంతస్తులు, రోడ్డు వెడల్పెంత, అంతే. వీళ్లు కట్టాక కిందవాళ్లకి ఎన్ని నీళ్లు ఎక్కువ పోతాయి అనే కాలమ్ ఫారంలో ఉండదు. కాబట్టి ఎవరూ రూల్ తప్పకుండానే మీ ఇల్లు మునుగుతోంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మీరు ఒక పని చేయండి, వాన పడుతున్నప్పుడు నీళ్లు ఏ వైపు నుంచి వస్తున్నాయో టైంతో సహా వీడియో తీసి పెట్టుకోండి, నీటి మట్టం గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి తేదీ రాయండి. రూల్స్ మార్చేటప్పుడు అభ్యంతరాలు చెప్పమని పిలుస్తారు, నోటి మాట కంటే ఆ గీత గట్టిగా మాట్లాడుతుంది.

యాంకర్: థాంక్యూ అండి. తర్వాతి కాల్. చెప్పండి సార్.

కాలర్: సార్ నేను చిన్న బిల్డర్‌ని. మీరు చెప్పింది విన్నాను, కానీ ప్రతిదీ మా మీద వేస్తే ఎలా సార్? గవర్నమెంట్ పెద్ద కాలువ తవ్వితే అయిపోతుంది కదా. వ్యాసం రెట్టింపు పైపు వేస్తే రెట్టింపు నీళ్లు పోతాయి.

ఇంజనీర్: రెట్టింపు కాదండి, అదే వాలు ఉంటే ఆరు రెట్లకు పైనే పోతాయి. అంటే పెద్ద పైపు నిజంగానే బలమైనది, అది నేను కాదనను. కానీ ఆరు రెట్లు నీళ్లు ఎక్కడికి పోతాయి? పైప్ చివర ఇంకో వీధి ఉంటుంది, అక్కడ పాత కల్వర్టు ఉంటుంది, దాని నోరు చిన్నది. మీరు ఒక వీధిని బాగు చేసి ఇంకో వీధిని ముంచినట్టు. పైగా ఆ పైప్‌లో సగం దాకా పూడిక పడితే సగం నీళ్లు కూడా పోవు.

కాలర్: మరి మేం ఏం చేయాలి సార్?

ఇంజనీర్: ఒకే మాట, కట్టకముందు ఆ స్థలం నుంచి ఎంత వేగంగా నీళ్లు పోయేవో కట్టాక కూడా అంతకు మించకూడదు. ఎలా చేస్తారో మీ ఇష్టం. కింద సన్న రంధ్రం ఉన్న తొట్టి కట్టండి, నీళ్లు నిండి మెల్లగా దిగిపోతాయి. పార్కింగ్‌లో గచ్చు బదులు నీళ్లు ఇంకే రాళ్లు పరవండి. పార్కు స్థలాన్ని రోడ్డు కంటే ఒక అడుగు పల్లంగా ఉంచండి, మెరక చేయకండి, అది ఖర్చు తగ్గించేదే. ప్లాన్ గీసే రోజే ఆలోచిస్తే మీకు పెద్ద భారం కాదు, స్లాబు పడ్డాక పెట్టమంటేనే భారం. అందుకే రూల్ అందరికీ ఒకేలా ఉండాలి, మీరొక్కరు పెట్టి పక్క బిల్డర్ పెట్టకపోతే మీకు అన్యాయం, అది నేను ఒప్పుకుంటాను.

కాలర్: చిన్న స్థలాలకి మినహాయింపు ఇవ్వండి సార్ కనీసం.

ఇంజనీర్: అక్కడే నేను కాస్త గట్టిగా ఉంటాను. ఇందాక లెక్క చెప్పాను కదా, అవన్నీ 200 చదరపు మీటర్ల స్థలాలే. ఇంగ్లండ్‌లో 2008 నుంచి ఇంటి ముందు తోటలో 5 చదరపు మీటర్లు మించి నీరు ఇంకని గచ్చు వేయాలంటే, ఆ నీళ్లు అక్కడే నేలలోకి పోయే ఏర్పాటు లేకపోతే, పర్మిషన్ తీసుకోవాలి. వేల్స్‌లో 2019 నుంచి ఒక ఇంటికి మించి కట్టినా, 100 చదరపు మీటర్లు, అంతకు మించి కట్టినా నీటి ఏర్పాటుకు విడిగా ఆమోదం కావాలి. చిన్నవి కలిసే పెద్ద వరద అని వాళ్లకి అర్థమైంది.

యాంకర్: ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. మాది అపార్ట్‌మెంట్, మాకు ఇంకుడు గుంత ఉంది, టెర్రస్ నీళ్లు పట్టే సంపు కూడా ఉంది, రూల్ ప్రకారం అన్నీ ఉన్నాయి, అయినా సెల్లార్ పార్కింగ్ మునిగింది. మరి ఆ గుంతలు ఎందుకండీ?

ఇంజనీర్: అమ్మా, వాడుకోడానికి పట్టిన సంపు వాన వచ్చేసరికి నిండుగా ఉంటే వరదని ఏం ఆపుతుంది? వరద కోసం పెట్టింది వాన రాకముందు ఖాళీగా ఉండాలి. రెండు పనులకీ ఒకే ట్యాంకు లెక్కలో చూపించేస్తారు, రూల్‌లో ఆ లొసుగు ఉంటుంది చాలా చోట్ల. గుంత సంగతి నేలని బట్టి. బంకమట్టి అయినా, భూగర్భ నీరు పైపైనే ఉన్నా అది ఇంకదు, నాలుగు నిమిషాల్లో నిండి ఊరుకుంటుంది. గుంతలో నీళ్లు పోసి ఎంతసేపట్లో దిగుతున్నాయో చూడాలి, రెండు మూడు రోజులైనా దిగకపోతే ఆ గుంత కాగితం మీదే ఉన్నట్టు. మీ సెల్లార్ ర్యాంప్ రోడ్డు దగ్గర ఎలా మొదలవుతుంది?

కాలర్: రోడ్డు నుంచి నేరుగా కిందకే.

ఇంజనీర్: అక్కడ ముందు ఒక గట్టులాగా పైకి లేచి తర్వాత దిగాలి. అది ఎత్తించండి, కరెంటు ప్యానెల్ పైకి మార్పించండి, మురుగు పైప్‌కి నీళ్లు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. ఇంకోటమ్మా, ఇది అందరూ వినండి దయచేసి, నీళ్లు వస్తున్నప్పుడు బండి తీయడానికి సెల్లార్‌లోకి ఎవరూ దిగకండి. మీటరు వెడల్పు తలుపు అవతల అర మీటరు నీళ్లు నిలబడితే దాని మీద దాదాపు 125 కిలోల ఒత్తిడి ఉంటుంది, లోపలి నుంచి నెట్టలేరు. బండి పోతే పోనివ్వండి.

యాంకర్: చాలా ముఖ్యమైన మాట సార్. హలో, చెప్పండి.

కాలర్: సార్ నేను సివిల్ చదువుతున్నాను. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేదే కదా, ఒకసారి వచ్చాక ఇక భయం లేదు అంటున్నారు మా వాళ్లు, నిజమేనా?

ఇంజనీర్: కాదు బాబూ. ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక వంతు అవకాశం అని. 30 ఏళ్లు ఆ ఇంట్లో ఉంటే కనీసం ఒకసారి చూసే అవకాశం 26 శాతం. వీధి కాలువలు చాలాసార్లు ఐదేళ్ల వానకే, అంటే ఏ ఏడాదైనా ఐదింట ఒక వంతు అవకాశం ఉన్న వానకే డిజైన్ చేస్తారు, పదేళ్లలో అది కనీసం ఒకసారి దాటే అవకాశం 89 శాతం. కాబట్టి కాలువ పొంగుతుందని ముందే ఒప్పుకుని, పొంగాక నీళ్లు ఎటు పోవాలో కూడా డిజైన్ చేయాలి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో 2011 జూలై 2న కొన్ని గంటల్లో 130 మిల్లీమీటర్లకు పైగా పడి ఊరు మునిగింది, మరుసటి ఏడాదే వాళ్లు ప్లాన్ చేసి కొన్ని రోడ్లని కావాలని పల్లం చేసి, పొంగిన నీళ్లని పార్కుల వైపు నడిపించడం మొదలుపెట్టారు. ఇంకా నువ్వు వాన లెక్కలు ఏ సంవత్సరానివో చూడు. అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో 2018లో కొత్త లెక్కలు తీస్తే, ఒక్క రోజులో పడే వందేళ్ల వాన 13 అంగుళాల దగ్గర నుంచి 18 దాకా పెరిగింది. పాత పట్టిక పట్టుకుని కొత్త కాలువ కడితే కట్టిన రోజే అది చిన్నదైపోతుంది.

కాలర్: అయితే ప్రతి లేఅవుట్‌లో తొట్టి పెడితే చాలా సార్?

ఇంజనీర్: ఎక్కడ పెట్టావన్నది కూడా ఉంది. వాగు కింది భాగంలో నీళ్లు ఆపి ఆలస్యంగా వదిలితే, సరిగ్గా అదే టైంకి పైనుంచి వచ్చే పెద్ద వరదతో కలిసి ఇంకా పెరగొచ్చు. కొన్ని చోట్ల కింద ఉన్న నీళ్లని ముందే పోనివ్వడం మేలు. అందుకే వాగు మొత్తానికి ఒక లెక్క వేసుకుని రూల్ రాయాలి.

యాంకర్: చివరి కాల్ అండి, టైం అయిపోతోంది. చెప్పండి.

కాలర్: నమస్కారం, నేను వార్డు మెంబర్‌ని. రూల్స్ మార్చే మీటింగ్ వచ్చే వారం ఉంది. మీరు చెప్పినవన్నీ పెట్టించలేను సార్, నిజం చెప్తున్నా, ఒకటి రెండు పెట్టించగలను. ఏవి పెట్టమంటారు?

ఇంజనీర్: మీరు నిజం చెప్పారు, సంతోషం. అయితే మొదటిది, నీళ్లు నిలిచే పల్లం భూమిని మట్టితో నింపాలంటే ఎన్ని ఘనపు మీటర్లు నింపుతారో అంత చోటు అదే వాగు పక్కన, అదే ఎత్తులో తవ్వి ఇవ్వాలి. అది ఇవ్వలేకపోతే నింపడానికి లేదు. రెండోది నిర్వహణ. దీన్ని అందరూ వదిలేస్తారు. ఎంత మంచి తొట్టి కట్టించినా మూడేళ్లలో చెత్త, మట్టి నిండిపోయి ఆ సన్న రంధ్రం మూసుకుపోతుంది, ఓనర్లు మారతారు, అసలు అక్కడ తొట్టి ఉన్నట్టే ఎవరికీ తెలీదు, కొందరైతే పైన షెడ్డు వేసేస్తారు. కాబట్టి దాని సంగతి స్థలం కాగితాల్లోకి ఎక్కాలి. రాసుకుంటారా?

కాలర్: ఆ, చెప్పండి సార్, పెన్ను తీసుకున్నా.

ఇంజనీర్: నీళ్లు ఆపే ప్రతి ఏర్పాటుకీ ఎవరు బాధ్యులో పేరుతో సహా రిజిస్టర్‌లో ఉండాలి. వానలు మొదలయ్యే ముందు ప్రతి ఏడాదీ పూడిక తీయించి ఫోటోతో సహా చూపించాలి. చూపించకపోతే ఆఫీసే మనుషుల్ని పంపి తీయించి, ఆ ఖర్చు ఇంటి పన్నులో కలిపి వసూలు చేయాలి. అయిందా?

కాలర్: ఒక్క నిమిషం సార్... "ఫోటోతో సహా చూపించాలి" దాకా రాశాను. తర్వాతది మళ్లీ చెప్పండి.