అంతర్వేది తీర్థానికి వెళ్తే లేసు ఎలా చూడాలి, ఎండుచేప ఎలా కొనాలి

[దృశ్యం: తెల్లవారుజాము. నరసాపురం రేవు. పంటు మీద బైకులు, బుట్టలు, జనం.]

వాయిస్: ఇవాళ భీష్మ ఏకాదశి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కదిలే రోజు. పొద్దెక్కితే దారంతా జనమే, అందుకే చీకటితోనే బయల్దేరాం. పంటు నడుస్తుంటే ఇక్కడ ఎక్కి వశిష్ఠ గోదారి దాటండి. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. అక్కణ్ణుంచి ఆటోలుంటాయి.

[దృశ్యం: రథం, తాళ్లు పట్టిన చేతులు.]

2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయింది. మీరు చూస్తున్నది ఆ తర్వాత చేసిన కొత్తది. ఆ చెక్కడం చూడకుండా కదలకండి.

[దృశ్యం: అంతర్వేది పల్లిపాలెం. ఎండబెట్టిన నెత్తళ్లు.]

వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసేది ఇక్కడే. దర్శనం నాడు మేం నీసు ముట్టం, కొని ఇంటికి పట్టుకెళ్తాం. నెత్తళ్లు ఒకటి తీసి విరవండి. టప్పున విరగాలి. మెత్తగా వంగిందంటే లోపల తడి ఉన్నట్టే, నాలుగు రోజుల్లో బూజు పట్టేస్తుంది. ఒంటి మీద వెండి మెరుపు ఇంకా ఉండాలి. ఉప్పు చేప మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే వదిలేయండి. ఎండురొయ్యలైతే గుప్పెడు తీసి వాసన చూడండి. సముద్రం వాసన రావాలి, ముక్కు అదిరే ఘాటు కాదు.

[దృశ్యం: నరసాపురం దగ్గర ఊరు. అరుగు మీద ఒక మామ్మగారు లేసు అల్లుతున్నారు. చేతులు దగ్గరగా.]

తిరుగు దారిలో ఇక్కడ ఆగాల్సిందే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని ఇది, ఇప్పుడు ఈ ఊళ్ల ఆడవాళ్ల సొంత విద్య. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉన్నది ఒకటే దారం, కొక్కెం ఉన్న సూది ఒకటి. ఆమె చూపుడువేలు చూడండి, దారం జారీ జారీ అక్కడ గీత పడిపోయింది.

"ఈ ఒక్క పువ్వుకి ఎంతసేపండి మామ్మగారూ?"

"చెయ్యి నడిస్తే అరగంట నాన్నా. కళ్లు సహకరించాలి మరి."

బల్లగుడ్డలో అలాంటి పువ్వులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి, తర్వాత ధర అడగండి. నేనైతే బేరం ఆడను. ఆడబుద్ధి కాదు.

చేతిపనో, మిషన్ పనో తెలుసుకోవాలంటే తిరగేసి చూడండి. చేత్తో అల్లినదాంట్లో దారం కొసని లోపలికి దోపిన చోటు దొరుకుతుంది. పువ్వుకీ పువ్వుకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే అనుమానించండి. ఉతికేటప్పుడు పిండకూడదు. తువ్వాలులో చుట్టి నొక్కి, బల్లపరుపుగా నీడలో ఆరేయాలి.

[దృశ్యం: సాయంత్రం రేవు. రెండు చేతుల్లో రెండు సంచులు.]

లేసుకో సంచి, ఎండుచేపలకో సంచి విడివిడిగా తెచ్చుకోండి. ఆ వాసన నూలుకి పట్టిందంటే నాలుగు ఉతుకులకీ వదలదు.