చీటీ లేకుండా అంగడికి పంపితే: డాట్ ఏ ఫైలు డాట్ ఎస్ఓలోకి ఎందుకు రాదు?

"లింక్ అయింది, ఎర్రర్ ఏమీ లేదు, కానీ ఫంక్షన్ దొరకడం లేదంటోంది." ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే అన్నాను. విండోస్ కోడును లినక్స్‌కు తెస్తున్నాం. 4 ఎంబీల డాట్ ఏ (కంపైలైన ముక్కల మూట, అంటే స్టాటిక్ లైబ్రరీ) ఇస్తే బయటికొచ్చిన డాట్ ఎస్ఓ (ప్రోగ్రాం నడిచేటప్పుడు లోడయ్యే షేర్డ్ లైబ్రరీ) 15 కేబీ. సైజు చూడకుండానే పంపేశాను.

ఇంట్లో చేపల పులుసు పెడుతున్నారు. పిల్లాణ్ణి నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో అంగడికి పంపారు. చీటీలో చింతపండు, మెంతులు రాసుంటే అవే తెస్తాడు. పక్కనే బెల్లం ఉన్నా ముట్టుకోడు. చీటీ ఖాళీగా ఉంటే ఖాళీ సంచీతో తిరిగొస్తాడు, అదీ నవ్వుకుంటూ.

కంపైలైన ముక్కల్ని కలిపి ఒక్క ఫైలు చేసే లింకరే ఆ పిల్లాడు. డాట్ ఏ అంగడి, అందులోని ఒక్కో డాట్ ఓ, అంటే కంపైలైన ఒక్కో ముక్క, ఒక్కో పొట్లం. అప్పటిదాకా ఎవరో అడిగి, ఇంకా దొరకని సింబల్సే (ఫంక్షన్ల, వేరియబుల్స్ పేర్లే) చీటీ. మెయిన్ ఉన్న ప్రోగ్రాంకు చీటీ దానంతటదే తయారవుతుంది. డాట్ ఏ ఒక్కటే ఇచ్చి డాట్ ఎస్ఓ చెయ్యమంటే అడిగినవాళ్ళెవరు? విండోస్‌లో మాకు డెఫ్ ఫైలు ఉండేది. బయటికి చూపించాల్సిన పేర్లు అందులో ఉంటాయి కాబట్టి అదే చీటీగా పనిచేసింది. లినక్స్‌లో ఆ ఫైలు అవసరం లేదని తీసేశాం. చీటీ కూడా దాంతోపాటే పోయింది!

పైగా గ్నూ లింకర్ వీధిలో ఒక్కసారే నడుస్తాడు, దాటిన అంగడికి వెనక్కి రాడు. రెండో అంగడి పొట్లానికి మొదటి అంగడి సరుకు కావాల్సొస్తే అంతే సంగతులు. మైక్రోసాఫ్ట్, యాపిల్ లింకర్లు వెనక్కెళ్ళి వెతుకుతాయి. అందుకే అక్కడ నడిచిన వరస ఇక్కడ పడిపోతుంది. పేర్లు అటూ ఇటూ మార్చి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళను చూశాను. అడిగేది ముందు, ఇచ్చేది వెనక రాయండి, చాలు.

అంగడి మొత్తం కావాలా? లింకర్‌కిచ్చే ఆప్షన్లలో డాట్ ఏకు ముందు హోల్-ఆర్కైవ్, తర్వాత నో-హోల్-ఆర్కైవ్ రాయండి. రెండోది మరిచిపోతే జీసీసీ కంపైలర్ చివర్లో తగిలించే సొంత లైబ్రరీలను కూడా ఊడ్చుకొస్తాడు. మ్యాక్‌లో దీన్ని ఫోర్స్-లోడ్ అంటారు, మైక్రోసాఫ్ట్‌లో హోల్‌ఆర్కైవే. ఐబీఎం వాళ్ళ యూనిక్స్ అయిన ఏఐఎక్స్‌లోనైతే షేర్డ్ లైబ్రరీయే డాట్ ఏ లోపల కూర్చుంటుంది. అది చూసిన రోజు టీ చల్లారిపోయింది.

ఇంకో గొడవ ఉంది. 64 బిట్ లినక్స్‌లో "ఎఫ్‌పిక్‌తో మళ్ళీ కంపైల్ చెయ్యి" అని లింకర్ తిట్టిందా? ఎఫ్‌పిక్ అంటే ఎక్కడ దించినా నడిచే కోడు తయారుచెయ్యమని కంపైలర్‌కిచ్చే ఆప్షన్. అది లేకపోతే పొట్లం మీద "ట్రంకు రోడ్డు, ఫలానా నంబరు ఇల్లు" అని రాసుంది, ఇంకెక్కడా దించలేం. "ఇక్కణ్ణించి మూడో ఇల్లు" అని ఉండాలి. పాత 32 బిట్‌లో లోడయ్యేటప్పుడు అడ్రసు దిద్దుకుని సర్దుకుపోయేది. విండోస్‌లో షేర్డ్ లైబ్రరీ అయిన డీఎల్ఎల్‌కు ఈ గొడవే లేదు. సోర్సు లేకపోతే, ఆ డాట్ ఏ ఇచ్చినవాళ్ళనే అడగాలి.

చివరగా సంచీ విప్పి చూడండి. డాట్ ఎస్ఓ మీద ఎన్ఎమ్ (సింబల్స్ చూపించే కమాండు) డాష్ పెద్ద డీ కొడితే మీ ఫంక్షన్ పక్కన టీ అనే ఇంగ్లిష్ అక్షరం కనిపించాలి. యూ అక్షరం ఉందంటే అది ఇంకా చీటీలోనే ఉంది.